జేబులో చీటీలు

కొత్తగా చేరిన లెక్కల టీచరు రెహనా అడిగింది
స్టాఫ్‌రూములో, క్యారేజీ మూత తీస్తూ:
"ఇరవై రెండేళ్లుగా అవే అచ్చులు, అవే హల్లులు.
విసుగు రాదా మాస్టారూ?"

జవాబు తోచలేదు.
చొక్కా జేబు బల్లమీద బోర్లించాను.
పది బస్సు టిక్కెట్లు, వాటి వెనక పెన్సిలు రాతలు,
ఓ సుద్దముక్క, రెండు ఏలక్కాయలు.

ఇది చూడండి, కంచరపాలెం మెట్టు దగ్గర
కండక్టరు అరిచిన మాట:
"బేగి దిగండమ్మా, లేపోతే ఒగ్గెల్లిపోతాను!"
వదలడం వేరు, ఒగ్గడం వేరు.
వదిలింది చేతిలోంచి జారిపోవచ్చు,
ఒగ్గింది మాత్రం మనకి తెలిసే ఒగ్గుతాం.
పద్నాలుగు రూపాయలకి
ఇంతకంటే ఎవరిస్తారు?

ఇది పూర్ణా మార్కెట్టు సందులో
బోర్డులు రాసే దాలినాయుడిది.
ఫ్లెక్సీలొచ్చాక కుంచెలు కడిగి అటకెక్కించాడు.
ఇప్పుడు హార్బరులో మరపడవలకి పేర్లు రాస్తున్నాడు.
ఆదివారాలు వెళ్లి అతని రంగుడబ్బా పట్టుకుంటాను,
నాకు సినిమా అంటే అదే.
"తలకట్టు తిన్నగా పెడితే
అచ్చరం పోలీసోడిలాగుంటాది మేస్టారూ.
పిసరంత ఓరగా పెట్టాల,
పెళ్లికెళ్లే మనిషి తలపాగాలాగ."
ఇన్నాళ్లూ చెప్పిన తలకట్టు పాఠాలన్నీ
ఆ నీలం రంగులో ముంచి
మళ్లీ ఆరేసుకున్నాను.

మా బాల్కనీలో సింహాచలం సంపెంగ ఉంది.
ఏడేళ్లయింది, ఒక్క మొగ్గ లేదు.
పొద్దున్నే నీళ్లు పోస్తూ విభక్తులు వల్లిస్తుంటాను.
మా ఆవిడంటుంది, అందుకే పూయట్లేదని.

రాత్రి హార్బరులో ఓడ కూస్తే
నిద్రలోంచి లేచి కూర్చుంటాను.
ప్లుతానికి మూడు మాత్రలన్నారు పెద్దలు.
నిన్నటి ఓడ పదకొండు తీసుకుంది,
యారాడ కొండ ఇంకో రెండు కలిపింది.
లెక్క కావాలంటే మీరే సరిచూడండి.

ఇది మాత్రం టిక్కెట్టు కాదు.
తొమ్మిది బి, సూరాడ ఎల్లాజీ సెలవు చీటీ:
"సారు, నాను రేపు బడికి రాను.
మా అయ్యతో ఏటకెల్తన్నాను.
గాలి తిరిగితే ఎల్లుండి వస్తాను."

'నాను' కింద ఎర్రగీత పడిపోయింది, అలవాటు.
'ఏట' దగ్గర పెన్ను ఆగింది.
వకారాన్ని ఇసకలో ఒగ్గేసి
నీళ్లలోకి దిగిన మాట అది.
ఒడ్డున నిలబడి వెనక్కి రమ్మనడానికి నేనెవణ్ణి?
'తిరిగితే' పక్కన మార్జిన్లో
చేదర్థకం అని రాశాను.

ఎల్లుండి రాలేదు.
ఆ మర్నాడూ రాలేదు.
రేడియోలో వాతావరణం చెప్తుంటే
'అయితే', 'వీస్తే', 'దాటితే' అన్న చోటల్లా
అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది.
ఏళ్లకేళ్లు బల్ల గుద్ది చెప్పాను గాని
ఆ 'తే' ఇంత బరువని నాకెవరూ చెప్పలేదు.

ఐదో రోజు వచ్చాడు,
ముక్కుమీద తోలు ఊడి, నవ్వుతూ.
ఏం పాఠం జరిగిందని అడగలేదు.
కొణెం ముక్క సంచిలో పెట్టిచ్చిన వాళ్లమ్మ మసేనమ్మని
మర్నాడు రేవులో నేనే అడిగాను:
తెల్లారగట్ల సంద్రం ఉంటుందే, నలుపూ కాకుండా నీలమూ కాకుండా,
ఆ రంగుని మీరేమంటారని.
కత్తి ఆపకుండా చెప్పింది,
"రంగేటి బాబూ? అప్పుడు ఇంజను తీస్తారు."
అది కూడా రాసుకున్నాను, అదిగో, ఆ నలిగినదాని మీద.

ఇక ఇదొకటి మిగిలింది.
చెమటకి చెరిగిపోయింది. 'సం' ఒక్కటే కనిపిస్తోంది.
సంద్రమో, సంపెంగో, సంధో,
ఏ స్టాపు దగ్గర రాసుకున్నానో గుర్తు లేదు.

రెహనా కళ్లద్దాలు సర్దుకుని
వెలుతురుకి పట్టి చూసింది.
"సంఖ్య అయ్యుండొచ్చుగా?" అంది.

గంట కొట్టారు.
ఏలక్కాయ ఒకటి ఆమెకిచ్చి
తొమ్మిది బి వైపు నడిచాను.
టిక్కెట్టు ఆమె దగ్గరే ఉండిపోయింది.